కూలిన తర్వాత ఓరుగల్లు: ప్రళయానంతర కథ రాయడానికి సమగ్ర మార్గదర్శి

లోకం కూలిపోయిన తర్వాత జరిగే కథ ఒకటి రాద్దామని చాన్నాళ్ల కిందట కూర్చున్నాను. హీరో హన్మకొండ చౌరస్తాలో రైఫిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఆకాశం ఎర్రగా ఉంది, బూడిద రాలుతోంది, కాజీపేట వైపు నుంచి ముఠాలు వస్తున్నాయి. నలభై పేజీలు రాసి మా మేనమామకు చదివి వినిపించాను. ఆయన ముప్పై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి, కథల జోలికి పెద్దగా పోడు. ఓపిగ్గా అంతా విని ఒక్కటే అడిగాడు: "మంచిగనే ఉంది గని అల్లుడా, లోకం మునిగి ఏడాదాయె అంటున్నవు. మరి వీళ్లకు ఉప్పు యాడికెల్లి వస్తున్నది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రైఫిల్‌కు తూటాలు ఎక్కడివో కూడా నేను ఆలోచించలేదు. ఆ కథ ఇప్పటికీ బీరువాలోనే ఉంది, అక్కడే ఉండనీ.

ఆ తర్వాత రాసినవి, చింపినవి, మళ్లీ రాసినవి కలిపి నాకు అర్థమైన పద్ధతి ఇది. వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, పెద్దపల్లి వైపు కథ నడపాలనుకునేవాళ్లకు నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లు ఊర్ల పేర్లు మార్చుకోవచ్చు. ముందే ఒక మాట: మన నేల మీద ఈ రకం కథకు ఇరుసు తుపాకీ కాదు, వంతు. చెరువు నీళ్లలో వంతు, గరిసెలో (వడ్లు నిల్వచేసే గాదెలో) వడ్లలో వంతు, చివరి మందు సీసాలో వంతు. కింద చెప్పే మెట్లన్నీ కథను ఆ వంతు దగ్గరికి తీసుకెళ్లడానికే.

మొదటి మెట్టు: ఏం మిగిలిందో రాసుకోండి

కొత్తగా రాసేవాళ్లు అందరూ ఏం కూలిందన్న దగ్గర ఆగిపోతారు. అణుయుద్ధమా, వైరసా, సూర్యుడి నుంచి వచ్చిన తుఫానా అని పది పేజీలు ఖర్చు చేస్తారు. మీ కథలో మనుషులు ఎడ్లు మేపుకుంటూ బతుకుతున్నప్పుడు వాళ్లకు ఆ కారణం సగమే తెలుస్తుంది, అది కూడా పుకార్ల రూపంలో. పాఠకుడికీ అంతే తెలిస్తే చాలు. కానీ మీకు మాత్రం పూర్తిగా తెలియాలి. ఎందుకంటే ఏది మిగులుతుందన్నది కారణమే తేలుస్తుంది.

రోగం వస్తే మనుషులు పోతారు, వస్తువులు మిగులుతాయి. ఇళ్లు ఖాళీ, దుకాణాల నిండా సరుకు, పొలాల్లో కోసే చేతులు లేవు. మన దగ్గర దీనికి తయారుగా ఒక మాట ఉంది: గత్తర. కలరా రోజుల నుంచి మిగిలిన ఆ మాటలో ఉన్న భయం 'మహమ్మారి'లో లేదు. అదే కరెంటు గ్రిడ్ పోయి మళ్లీ రాకపోతే మనుషులు మిగులుతారు, వస్తువులు నెలల్లో అయిపోతాయి. అప్పుడు కథ జనసమ్మర్దం గురించి. వరుసగా మూడేళ్లు వానలు పడకపోతే కూలడం నెమ్మదిగా, దాదాపు మర్యాదగా జరుగుతుంది. అందరూ ఇంకా అప్పులు తీర్చాలనే అనుకుంటూ ఉంటారు.

ఒక్క కారణమే ఎంచుకోండి. రెండు కలిపితే ఏదీ నిలవదు. నాకు గ్రిడ్ పోవడం ఇష్టం. నేరస్తుడు ఉండడు, శవాల గుట్టలు ఉండవు. మనుషులు ఒకరికొకరు ఎదురుపడక తప్పదు.

రెండో మెట్టు: కార్తె చూసుకోండి

ఇది ఎవరూ చెప్పరు. ఏ ఏడాది కూలిందన్నది కాదు, ఏ నెలలో కూలిందన్నది ముఖ్యం. రోహిణి కార్తెలో కరెంటు పోతే విత్తనాలు ఇంటికి చేరే సమయం, చెరువులు అడుగంటి ఉంటాయి, ఎండ 45 డిగ్రీలు. మొదటి వారంలోనే ముసలివాళ్లు పోతారు. కార్తీకంలో పోతే వానాకాలం వడ్లు కల్లాల మీద ఉంటాయి, చెరువులు నిండుగా ఉంటాయి, చలి దగ్గరపడుతుంది. అదే ఊరు, అదే మనుషులు, కానీ రెండు వేర్వేరు నవలలు.

ఇంకొక అవకాశం మేడారం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో సమ్మక్క సారలమ్మ జాతరకు జనం కోటికి పైగా వస్తారని లెక్కలు చెబుతారు. అడవి మధ్యలో, నాలుగు రోజులు. సరిగ్గా ఆ రోజుల్లో అన్నీ ఆగిపోయాయనుకోండి. బస్సులకు డీజిల్ లేదు, ఫోన్లు లేవు, జంపన్నవాగులో నీళ్లు ఎంత ఉన్నాయో అంతే. గద్దెల దగ్గర 'బంగారం' పేరుతో సమర్పించిన బెల్లం మాత్రం గుట్టలుగా ఉంది. ఆ బెల్లం ముట్టాలా వద్దా అన్నది మీ మొదటి అధ్యాయం. దీన్ని నేనే రాద్దామనుకుని ఆగాను, ఎవరైనా రాస్తే సంతోషం.

మూడో మెట్టు: కట్ట మీద నడవండి

ఇక్కడ తొందరపడకండి. ఈ ప్రాంతంలో కథ రాస్తూ నీటి పటం గీసుకోకపోతే మిగతాదంతా వృథా.

కరెంటు లేనప్పుడు ఏ నీళ్లు అందుతాయి, ఏవి అందవు అన్న లెక్కతో మొదలుపెట్టండి. బోరుబావులు అందవు. నీళ్లు కింద ఉంటాయి, మోటారు పైన చచ్చి ఉంటుంది. మిషన్ భగీరథ నల్లా, ట్యాంకులో నిన్న ఎక్కించిన నీళ్లు అయిపోయేదాకే వస్తుంది. దేవాదుల, కాళేశ్వరం రెండూ ఎత్తిపోతలే. గోదావరి నుంచి పంపులు పైకి తోడితేనే నీళ్లు, లేకపోతే లేవు. కాకతీయ కాలువ సంగతి వేరు. శ్రీరాంసాగర్ నుంచి 284 కిలోమీటర్లు కరీంనగర్ మీదుగా వరంగల్ వైపు వాలు మీదనే పారుతుంది, దానికి కరెంటుతో పని లేదు. దాని గేట్లు మాత్రం మనుషుల చేతుల్లో ఉంటాయి. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు గేటు ఎవరి చేతిలో ఉందో, వరంగల్ దాహం వాళ్ల చేతిలో ఉన్నట్టే. చివరి ఆయకట్టు రైతుకు ఈ బాధ ఇప్పుడూ తెలుసు, మీరు కొత్తగా కల్పించాల్సింది లేదు.

ఇంతకు ముందు ఒకసారి ఓరుగల్లు కూలింది. 1323లో కాకతీయ రాజ్యం ఢిల్లీ సుల్తానుల సేన చేతిలో పడిపోయింది. కోటలో తోరణాలు మిగిలాయని ఫొటోలు తీసుకుంటాం. కథకుడు చూడాల్సింది వేరే: పాకాల, రామప్ప, లక్నవరం, ఘణపురం చెరువులు మిగిలాయి. 13వ శతాబ్దంలో కట్టిన కట్టల కింద ఇప్పటికీ నాట్లు పడుతున్నాయి. రాజు పోయాడు, సేన పోయింది, తూము మిగిలింది. వానాకాలంలో కట్టకు గండి పడకుండా చూసుకున్నవాళ్లెవరో రాజ్యం లేకుండానే చూసుకున్నారు. మీ కథకు ఇంతకంటే పాత సాక్ష్యం దొరకదు.

అందుకే ఒక రోజు మీ ఊరి చెరువు కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి ఇవి రాసుకోండి. తూములు ఎన్ని, ఏవి పనిచేస్తున్నాయి. మత్తడి (అలుగు) దూకితే నీళ్లు ఏ ఊరి చెరువులోకి పోతాయి, ఎందుకంటే మన చెరువులు గొలుసుకట్టు, పై చెరువు నిండితేనే కిందిది నిండుతుంది. శిఖం భూమిలో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలలో, ఎవరు దున్నుతున్నారు. ఒకప్పుడు నీరటి పని, అంటే తూము చూసుకుని పొలాలకు నీళ్లు పంచే పని, ఏ ఇంటివాళ్లు చేశారు. మిషన్ కాకతీయలో పూడిక తీశారా. 2015లో మొదలైన ఆ పనిలో రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి మీ ఊరిదీ ఉండే ఉంటుంది. ఎండాకాలంలో ఆవిరై పోయే నీళ్లు రోజుకు సెంటీమీటరు దాకా ఉండొచ్చు. అంటే చెరువులో మీటరు లోతే మిగిలినప్పుడు ఎవరూ ముట్టకపోయినా మూడు నెలల్లో అడుగు కనిపిస్తుంది. ఈ ఒక్క లెక్క మీ కథకు గడియారం.

చెరువు ఎండితే వాగులో చెలిమె తవ్వుతారు. ఇసుకలో మోకాలి లోతు గుంట, ఊరిన నీళ్లను ముంతతో తోడి బిందెలో పోయడం. ఒక బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి. ఆ సమయమంతా ఇద్దరు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. సంభాషణ రాయడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

నాలుగో మెట్టు: కూలే వరుస

అన్నీ ఒకేసారి ఆగవు. ఒకదాని తర్వాత ఒకటి ఆగుతాయి. ఆ వరుస మీ అధ్యాయాల వరుస.

మొదటి రోజు సెల్ టవర్లు బ్యాటరీల మీద కొన్ని గంటలు నడుస్తాయి, డీజిల్ ఉన్నవి ఇంకొంచెం. డాబా మీద సోలార్ పలకలు పెట్టుకున్నాయన ధీమాగా ఉంటాడు. గ్రిడ్‌కు కలిపిన సోలార్, బ్యాటరీ లేకపోతే గ్రిడ్ పోగానే తనంతట తానే ఆగిపోతుంది. ఎండ మండుతుంటే ఇంట్లో ఫ్యాను తిరగదు. ఆయన మొహం చూడండి, పేజీ రాసుకోండి.

మొదటి నెలలో షుగర్ మందులు. తెరిచిన ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ లేకుండా, చల్లని చోట, సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. మన మే నెలలో గది చల్లని చోటు కాదు. తడి ఇసుకలో పెట్టిన కుండ కొంత కాపాడుతుంది. ఊళ్లో ఇన్సులిన్ మీద బతికేవాళ్లు ఎంతమందో ఆశా కార్యకర్త దగ్గర రిజిస్టర్ ఉంటుంది. ఆ రిజిస్టర్ గల మనిషి ఎవరు ఎప్పుడు పోతారో ముందే తెలిసిన మనిషి. ఆమెను కథలోకి తీసుకోండి.

ఆర్నెల్లకు పెట్రోల్ చెడిపోవడం మొదలవుతుంది. ఏడాది తర్వాత కూడా బైకులు రయ్యిమని తిరిగే కథలు చదివితే నాకు నవ్వొస్తుంది.

ఉత్తరం వైపు కథ నడిపేవాళ్లకు ఇంకా రెండు సంగతులు. సింగరేణిలో గనిని 'బాయి' అంటారు. ఆ బాయిలోకి ఊరే నీటిని పగలూ రాత్రీ పంపులతో తోడుతూనే ఉండాలి. పంపులు ఆగితే గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి కింద ఉన్న చీకటంతా నెమ్మదిగా నీళ్లతో నిండుతుంది. పైన గుట్టలుగా పోసిన బొగ్గు దానంతట అదే అంటుకుని నెలల తరబడి పొగ కక్కగలదు. ఇక ప్రాజెక్టుల గేట్లు. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు దాని సామర్థ్యాన్ని మించిన వరద వచ్చింది, ఒక గేటు తెరుచుకోలేదు, కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. అప్పుడు ఇంజనీర్లు, కరెంటు, ఫోన్లు అన్నీ ఉన్నాయి. అవేవీ లేని వానాకాలం మీ కథలో వస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచపల్లి మునిగితే జనం డాబాలెక్కి నిలబడ్డారు, హెలికాప్టర్లు వచ్చాయి. మీ కథలో హెలికాప్టర్ రాదు.

అయిదో మెట్టు: లెక్క కట్టండి

మా మామ అడిగిన ఉప్పు దగ్గరికి వద్దాం. రెండు వందల గడప, ఎనిమిది వందల మంది ఉన్న ఊరు అనుకోండి. మనిషికి రోజుకు 5 గ్రాముల చొప్పున రోజుకు 4 కిలోలు, ఏడాదికి 1,460 కిలోలు. యాభై కిలోల బస్తాలైతే ముప్పైకి ఒకటి తక్కువ. పశువులకు, తొక్కులకు వేరే. సముద్రం రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కాబట్టి రెండో ఏడాది కల్లా ఏ దారి మీద ఎడ్లబండి కదిలినా అది ఉప్పు కోసమే కదులుతుంది. కోస్తా నుంచి ఉప్పు తెచ్చేవాడు మీ కథలో వజ్రాల వ్యాపారి లాంటివాడు. అతన్ని దోచుకోవడం సులభం. దోచుకుంటే వచ్చే ఏడాది ఎవరూ రారు. నీతి ప్రశ్న ఇలా లెక్కలోంచే పుడుతుంది, మీరు పైనుంచి తెచ్చి అంటించనక్కరలేదు.

బియ్యం చూద్దాం. మనిషికి రోజుకు 400 గ్రాములంటే అదే ఊరికి ఏడాదికి దాదాపు 117 టన్నులు, వడ్లయితే సుమారు 175 టన్నులు. ఎకరానికి రెండున్నర టన్నులు పండితే 70 ఎకరాలు చాలు. యూరియా లేకుండా దిగుబడి సగమైతే 140 ఎకరాలు కావాలి, అంతా చెరువు కిందే. మీ ఊరి చెరువు ఆయకట్టు 90 ఎకరాలే అయితే? మిగిలిన 50 ఎకరాల తిండి ఎవరు మానుకోవాలి? నవల ఇక్కడే మొదలైంది.

ఇంకో తిరకాసు. వరంగల్ చుట్టూ చేలల్లో ఎక్కువ కనిపించేది పత్తి, మిరప. ఎనుమాముల మార్కెట్ యార్డు అంత పెద్దది కావడానికి కారణం అవే. కూలిన రోజున గోదాముల నిండా మిర్చి బస్తాలు ఉండొచ్చు, తినడానికి పిడికెడు పప్పు ఉండకపోవచ్చు. పత్తిని మాత్రం తీసిపారేయకండి. జంపఖానాలు నేసే కొత్తవాడ ఈ ఊళ్లోనే ఉంది. రెండో చలికాలానికి మగ్గం ఉన్న ఇంటి ముందు జనం నిలబడతారు.

విత్తనాల దగ్గర చాలామంది పొరపడతారు. సాంబమసూరి, తెలంగాణ సోన లాంటి వరి రకాల విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. హైబ్రిడ్ పత్తి, హైబ్రిడ్ మక్కల విత్తనం దాచి వేస్తే రెండో పంట అదే తీరుగా రాదు. 'పోయినేడాది మంచిగ పండింది కదా' అని గింజలు దాచుకున్న రైతు రెండో ఏడాది చేను చూసి కూలబడే దృశ్యానికి విలన్ అక్కర్లేదు.

ఆరో మెట్టు: మనుషులు

ఒంటరి వీరుణ్ని వదిలేయండి. మన దగ్గర ఒంటరిగా నడిచేవాణ్ని ఎదురైన ప్రతి ఊరూ "ఎవరి పోరనివిరా నువ్వు?" అని అడుగుతుంది. జవాబు చెప్పలేనివాడికి నీళ్లు కూడా అనుమానంగానే ఇస్తారు. చుట్టరికం మన పాస్‌పోర్టు. హైదరాబాద్ నుంచి నడుచుకుంటూ వచ్చే కుటుంబం 145 కిలోమీటర్ల దారిలో భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘనపూర్‌లలో ఎక్కడెక్కడ మేనత్తలు, వియ్యంకులు ఉన్నారో గుర్తు చేసుకుంటూ నడుస్తుంది. ఎవరూ లేని చోట రాత్రి ఆగదు. రోజుకు ముప్పై కిలోమీటర్లు అనుకున్నా అయిదు రోజులు, పిల్లలుంటే ఎనిమిది.

ఊరి పొలిమేరలో ఏమవుతుందో మనం 2020 మార్చిలో చూశాం. ఎన్నో ఊళ్లు దారికి అడ్డంగా ముళ్లకంపలు, దుంగలు వేసుకున్నాయి. అదే నెలల్లో రోడ్డు మీద నడిచిపోయేవాళ్లకు అన్నం పొట్లాలు పెట్టినవీ ఊళ్లే. రెండు పనులూ చేసిన చేతులు కొన్ని చోట్ల ఒకటే అయి ఉంటాయి. అలాంటి మనిషిని రాయండి.

ఇంటింటికీ తుపాకీ ఉన్న దేశం కాదు మనది. బలం ఇక్కడ వేరే రూపాల్లో ఉంటుంది: గుంపు, కట్టె, మాట, కట్టుబాటు. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, బహిష్కరణలు వేయడం గురించి పేపర్లలో చదువుతూనే ఉంటాం. పోలీసు స్టేషన్ ఉండగానే అంత నడిస్తే, అది లేని రోజున ప్రభుత్వం అదే. కమిటీ నిర్ణయం డప్పు కొట్టి చాటిస్తారు. 'ఆ ఇంటికి నిప్పు ఇయ్యొద్దు, నీళ్లు ఇయ్యొద్దు.' అగ్గిపెట్టెలు అయిపోయిన కాలంలో నిప్పు ఇవ్వకపోవడమంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి.

కులం గురించి రాయకుండా ఈ కథ రాయలేరు. రాసినా ఒప్పుకునేది లేదు నేను. అన్నీ కూలితే కులం కూడా కూలుతుందని రాయడం ఆశ. గట్టిపడుతుందని రాయడం అలవాటు. నిజం మధ్యలో, గందరగోళంగా ఉంటుంది. ప్లాస్టిక్ బిందెలు పగిలాక కుమ్మరి కావాలి. మోట కొట్టడానికి తోలు పని తెలిసినవాడు కావాలి. లారీ కమాన్ పట్టీ కాల్చి సాగగొట్టి నాగలి కర్రు చేసే కమ్మరి కావాలి. తాతలు చేసిన పని మనుమళ్లకు రాదు, వాళ్లు డిగ్రీలు చదివి ఆ పని నుంచి బయటపడ్డారు. ఇప్పుడు ఊరు వచ్చి "మీ తాత చేసేటోడు గద" అంటే ఆ పిల్లవాడు ఏమనాలి? నేర్చుకుంటే బతుకుతాడు, ఊరూ బతుకుతుంది. కానీ ఏ గుంజకు కట్టేసిన తాడును మూడు తరాలు తెంపుకున్నాయో మళ్లీ దానికే వెళ్లాలి. కూలి అడుగుతాడా, గింజలు తీసుకుంటాడా, చెరువు కింద భూమి అడుగుతాడా? నన్ను అడిగితే భూమి అడగాలి. మీ పాత్ర ఏమంటుందో మీ ఇష్టం.

తాడ్వాయి, ఏటూరునాగారం అడవిలోకి కథ వెళ్తే ఒక జాగ్రత్త. కోయవాళ్లను అన్నీ తెలిసిన అడవి గురువులుగా చేయకండి. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, మొర్రిపండ్లు ఎక్కడ దొరుకుతాయో వాళ్లకు తెలుసు, నిజమే. వాళ్ల పిల్లలకూ ఫోన్లున్నాయి, రేషన్ బియ్యం అలవాటుంది. మైదానం నుంచి వేలమంది ఆకలితో అడవిలోకి వస్తే వాళ్లు గురువుల్లా కాదు, భూమి పోతుందన్న భయంతో చూస్తారు. ఆ భయానికి చరిత్ర ఉంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన పాత్ర పొదుపు సంఘం లెక్కలు రాసే ఆమె. ఊళ్లో ఎవరు ఎంత తీసుకున్నారో, ఎవరు కట్టగలరో, ఎవరు అబద్ధం చెబుతారో పదేళ్లుగా తెలిసిన మనిషి. సర్పంచ్ చేతిలో మైకు ఉంటుంది, ఆమె చేతిలో పుస్తకం ఉంటుంది. గరిసె తాళం ఎవరికి ఇస్తారో చెప్పనక్కరలేదు.

ఏడో మెట్టు: నీతిని తూము దగ్గర నిలబెట్టండి

మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మం గురించి మాట్లాడుతూ భీష్ముడు ఒక కథ చెబుతాడు. పన్నెండేళ్ల కరువు. ఆకలితో విశ్వామిత్రుడు ఒక చండాలుడి ఇంట్లో కుక్క మాంసం దొంగిలించబోతాడు. ఇంటాయన మేలుకుని, ఇది నీకు తగదని ఋషికి ధర్మం చెబుతాడు. ముందు బతకాలి, తర్వాత ధర్మం అని ఋషి వాదిస్తాడు. మన రకం కథకు ఇంత గట్టి మూలం ఇంకొకటి లేదు. ఎవరు ఎవరికి నీతి చెబుతున్నారో చూడండి, వాదంలో ఇద్దరికీ ఎంత బలం ఉందో చూడండి. ఆ కథలో చివరికి వాన కురుస్తుంది. మీ కథలో ఆ వాన కురిపించకండి.

ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. కూలిన రెండో ఏడాది, ఫాల్గుణం. పై ఊరి చెరువులో మీటరున్నర నీళ్లు. యాసంగి వరి పొట్ట దశలో ఉంది. కింది ఊరి చెరువు ఎండింది, వాళ్లు తాగడానికి నీళ్లు వదలమని అడుగుతున్నారు. వదిలితే దారిలో సగం ఇంకిపోతుంది, పై ఊరి వరిలో మూడో వంతు ఎండిపోతుంది. పై ఊరు బొడ్రాయి దగ్గర కూర్చుని తూము తెరవొద్దని తీర్మానించింది. తూము చూసే నీరటి బిడ్డను ఇచ్చింది కింది ఊరికే, ఆమె ఇప్పుడు ఏడో నెల.

మొదటి చిత్తులో అందరూ రాసేది: ఆయన అర్ధరాత్రి వెళ్లి తూము తెరుస్తాడు. చప్పట్లు. ఇది తేలిక. దొంగచాటు మంచితనానికి పాఠకుడు వెంటనే లొంగిపోతాడు, పై ఊరి ఎండిన వరిని మరిచిపోతాడు. రెండో చిత్తు: ఆయన తెరవడు, కూతురు చనిపోతుంది, ఆయన కట్ట మీద కూర్చుని ఏడుస్తాడు. ఇదీ తేలికే. ఏడుపు లెక్క సరిచేయదు.

నాకు పనిచేసింది మూడోది. ఆయన బొడ్రాయి దగ్గర అందరి ముందు లేచి, నీరటిగా తనకు వచ్చే వంతు గింజలు, తన రెండెకరాల మడి నీళ్లు, రెండూ కింది ఊరికి రాసేయమంటాడు. ఊరు కాదనలేదు, ఎందుకంటే అది ఆయన వంతు. రెండెకరాల నీళ్లు ఎనిమిది రోజులకు మించి చాలవని అందరికీ తెలుసు. భార్య ఆ రాత్రి ఏమీ అనదు. చిన్నకొడుకు మాత్రం అంటాడు: "అక్క ఒక్కతేనా నీ బిడ్డ?" తెల్లారేసరికి వాడు ఇంట్లో లేడు. ఎనిమిది రోజులు నీళ్లు పోతాయి. తొమ్మిదో రోజు కింది ఊరివాళ్లు మళ్లీ కట్ట మీద నిలబడి ఉంటారు.

ఈ మూడింటిని పక్కపక్కన పెట్టుకుని నేను వాడే మూడు పరీక్షలు ఇవి. అవతలివాళ్ల అవసరం నిజమైనదేనా, వాళ్లు దుర్మార్గులు కాకుండానే అడుగుతున్నారా? నిర్ణయం నలుగురి ముందు జరిగిందా, చాటున జరిగిందా? దాని ధర ఎవరు కట్టారు, ఆ ధర పేరు పెట్టి చెప్పగలిగేదేనా? మూడోదానికి 'అందరూ' అన్న జవాబు వస్తే ఆ దృశ్యం చింపేయండి.

ఎనిమిదో మెట్టు: భాష

కథనం మామూలు తెలుగులో నడపండి, సంభాషణ ఊరి మాటలో పెట్టండి. రెండూ కలగాపులగం చేస్తే చదివేవాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

వస్తువు పోయినా పేరు ఉంటుంది. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది, మిల్స్ కాలనీ మాత్రం అలాగే ఉంది. మీ కథలో పదేళ్ల పిల్ల "బంకు కాడ మేకలు మేపుతున్న" అంటుంది, బంకంటే ఏమిటో దానికి తెలియదు. ఎవరైనా గట్టిగా నిద్రపోతే "స్విచాఫ్ అయిండు" అంటారు. ఇలాంటివి అయిదారు చాలు, మించితే జోకులవుతాయి. బతుకమ్మను మాత్రం వదలకండి. తంగేడు, గునుగు ఎవరి అనుమతీ లేకుండా పూస్తాయి. చెరువులో నీళ్లు లేని ఏడాది బతుకమ్మను ఎక్కడ వేస్తారన్నది ఊరి ఆడవాళ్లు తేల్చాల్సిన విషయం.

తొమ్మిదో మెట్టు: చిత్తు, సవరణ

మొదట చిన్న కథ రాయండి, పదిహేను పేజీలు, ఒకే ఊరు, ఒకే రుతువు, ఒకే వంతు. నవలకు అది పునాది. చిత్తు పూర్తయ్యాక ఆయుధం ఉన్న ప్రతి వాక్యం కొట్టేసి చదవండి. కథ నిలబడితే కావాల్సినవి రెండు మళ్లీ చేర్చుకోండి. ఆ తర్వాత ప్రతి భోజనం కింద గీత గీసి, ఆ పూట తిన్నది ఎక్కడిదో పక్కన రాయండి. రాయలేని చోట మీకు తెలియని ఊరు ఉన్నట్టు.

ఆఖరుగా రచయితలకు కాదు, పని చేసినవాళ్లకు చదివి వినిపించండి. చెరువు దృశ్యం చెరువు కింద పొలం ఉన్నవాళ్లకు, బాయి దృశ్యం సింగరేణిలో చేసి రిటైరైనవాళ్లకు, కాన్పు దృశ్యం ఏఎన్ఎంకు. వాళ్లు మెచ్చుకునే చోట్లు వదిలేసి, ఆగి ప్రశ్న వేసే చోట్లు రాసుకోండి. పైన చెప్పిన నీరటి కథ మా మామకు వినిపిస్తే వంతుల దాకా తలూపి, "పొట్ట మీదున్న వరికి ఎనిమిది రోజులు నీళ్లాపితే రెండెకరాలల్ల గింజ పట్టది, తాలు వోతది. గా సంగతి వాని పెండ్లానికి తెల్వదా?" అన్నాడు. ఆమె ఆ రాత్రి ఏమీ అనదని నేను రాసిన వాక్యం ఇప్పుడు మళ్లీ రాస్తున్నాను.